కంప్యూటర్‌కు రంగు తెలియదన్న వాదనకు జవాబు

కొన్ని వారాలుగా మా బంధువుల వాట్సాప్ గ్రూపుల్లోనూ కాలనీ గ్రూపులోనూ ఒక సందేశం తిరుగుతోంది. అమెరికాలో నల్లజాతి రోగులకు కిడ్నీలు ఆలస్యంగా దొరకడం వెనుక వివక్ష ఏమీ లేదనీ, అక్కడ అవయవాలను పంచేది కంప్యూటర్ కనుక దానికి మనిషి రంగు తెలియదనీ, తేడా అంతా రక్తం గ్రూపుల్లోనూ జన్యువుల్లోనూ ఉందనీ, పైగా వాళ్ళు మార్పిడి చేయించుకోవడానికీ అవయవాలు ఇవ్వడానికీ ఇష్టపడరనీ, కొత్త కిడ్నీ పెట్టినా వారి ఒంట్లో నిలవదనీ దాని సారాంశం. ‘మన దగ్గర కూడా అంతా సక్రమంగానే ఉంది, ఆ గొడవలు ఇక్కడికి తేవద్దు’ అన్న వాక్యంతో అది ముగుస్తుంది. పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన ఇళ్ళు హైదరాబాదులో లెక్కలేనన్ని ఉన్నాయి కాబట్టి అది త్వరగా పాకింది; బాగా చదువుకున్నవారు కూడా ‘చక్కగా చెప్పారు’ అంటూ పదిమందికీ పంపారు. అందులో రెండు మూడు నిజాలు ఉన్నాయి. వాటిని ఆసరాగా చేసుకునే మిగతాదంతా నిలబడింది కనుక ఒక్కొక్క మాటనూ విడదీసి చూడవలసి ఉంది.

మొదటి మాట, కంప్యూటర్‌కు రంగు తెలియదన్నది. జాబితాలో ఉన్నవారిలో ఏ కిడ్నీ ముందు ఎవరికి ఇవ్వాలో తేల్చే లెక్కలో జాతికి మార్కులు లేవన్నది నిజమే. కాని ఆ లెక్క మొదలయ్యేది రోగి పేరు జాబితాకు ఎక్కిన తర్వాత. డయాలసిస్ ఇంకా మొదలుకాని రోగి విషయంలో, వరుసలో ముందుకు జరిపే నిరీక్షణను ఏ రోజు నుంచి లెక్కించాలో నిర్ణయించేది ఈజీఎఫ్ఆర్ అనే అంకె. రక్తంలో క్రియాటినిన్ (కండరాల నుంచి వచ్చే వ్యర్థం) ఎంత ఉందో చూసి, దానికి వయసునూ, ఆడా మగా అన్న వివరాన్నీ జోడించి, కిడ్నీలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల మేర వడపోస్తున్నాయో అంచనా కడతారు. 1999లో వచ్చిన సూత్రంలోనూ, దాని తర్వాత 2009లో వచ్చిన సూత్రంలోనూ ఇంకొక వివరం అడిగేవారు: రోగి నల్లజాతి వ్యక్తి అయితే వచ్చిన అంకెను పెంచాలి. 2009 సూత్రంలో ఆ పెంపు 1.159 రెట్లు. నల్లజాతివారికి కండ ఎక్కువ కనుక వారి రక్తంలో క్రియాటినిన్ సహజంగానే ఎక్కువ ఉంటుందన్నది దానికి చెప్పిన కారణం.

ఈ గుణకారం చేసే పని ఏమిటో కాగితం మీద వేసి చూడవచ్చు. ఇద్దరు మగ రోగులు, ఒకే వయసు, ఒకే క్రియాటినిన్. తెల్లజాతి రోగికి ఈజీఎఫ్ఆర్ 18 వచ్చిందనుకుందాం. నల్లజాతి రోగికి అదే 18ని 1.159తో గుణిస్తే 20.9 అవుతుంది. నిరీక్షణ కాలం మొదలు కావడానికి ఆ అంకె 20కి గాని అంతకన్నా కిందికి గాని దిగాలన్నది అక్కడి నియమం. అంటే ఒకరి లెక్క ఆ రోజే మొదలైంది, రెండోవారు కిడ్నీలు ఇంకొంత చెడేదాకా ఆగవలసి వచ్చింది. కంప్యూటర్‌కు రంగు తెలియకపోవచ్చు. దాని చేతికి అందిన అంకెలో మాత్రం రంగు అప్పటికే కలిసిపోయి ఉంది. జాతి ప్రసక్తి లేని కొత్త సూత్రం 2021లో వచ్చింది. జాతిని లెక్కలో కలిపే సూత్రాలను వాడరాదని అక్కడి జాతీయ అవయవ మార్పిడి వ్యవస్థ 2022లో నిర్ణయించింది. 2023 జనవరిలో మరొక అడుగు వేసి, పాత సూత్రం వల్ల వెనకబడిన నల్లజాతి రోగులను వెతికి పట్టుకుని, పోయిన కాలాన్ని వారి ఖాతాలో తిరిగి కలపాలని ఆసుపత్రులను ఆదేశించింది. అలా 14 వేల మందికి పైగా రోగుల నిరీక్షణ కాలం సవరించారు. ‘వివక్ష ఏదీ లేదు’ అని మన గ్రూపుల్లో రాసేవారు, ఆ వ్యవస్థే తప్పు ఒప్పుకుని దిద్దుకున్న ఈ సంగతిని ఒక్క ముక్కలోనైనా ప్రస్తావించవలసింది.

ఆ సూత్రాన్ని రాసినవారు ఎవరినో వెనక్కి నెట్టాలన్న ఉద్దేశంతో రాశారని నేను అనను. మంచి ఉద్దేశంతో రాసిన అంకె కూడా ఇరవై ఏళ్ళకు పైగా చెలామణి అయితే ఎంత హాని చేయగలదో అదే చేసింది. డయాలసిస్ మీద ఉన్నవారి విషయంలోనూ ఇటువంటిదే జరిగింది: 2014 డిసెంబరు వరకు నిరీక్షణను సాధారణంగా పేరు రాయించిన రోజు నుంచి లెక్కించేవారు కాబట్టి, ఆలస్యంగా పంపిన రోగి డయాలసిస్ మీద గడిపిన ఏళ్ళు లెక్కలోకి వచ్చేవి కావు. ఆ నెలలో నియమాన్ని మార్చి డయాలసిస్ మొదలైన తేదీ నుంచి లెక్కించడం మొదలుపెట్టాక మార్పిడి పొందిన నల్లజాతివారి సంఖ్య పెరిగింది. ఒక తేదీని మార్చినంత మాత్రాన జన్యువులు మారవు కదా.

రెండో మాట, వాళ్ళే మార్పిడి వద్దంటారన్నది. దీని మీద 1999లోనే ఒక ప్రముఖ వైద్య పత్రికలో లెక్కలు వచ్చాయి. డయాలసిస్ మొదలుపెట్టిన రోగులను మార్పిడి కావాలా అని అడిగితే తెల్లజాతి పురుషుల్లో 85.5 శాతం, నల్లజాతి పురుషుల్లో 80.7 శాతం కావాలన్నారు. తేడా అయిదు శాతం కూడా లేదు. మార్పిడి కేంద్రానికి పరీక్షల కోసం పంపింది మాత్రం తెల్లజాతి పురుషుల్లో 76.2 శాతం మందిని, నల్లజాతి పురుషుల్లో 53.9 శాతం మందిని. కోరికలో ఉన్న చిన్న తేడా, పంపడంలో ఇంత పెద్ద తేడాగా ఎలా మారిందో ఈ సందేశం రాసినవారు చెప్పాలి.

ఈ అంకెలు చదివినప్పుడల్లా నాకు మా చిన్నమ్మ గుర్తుకొస్తుంది. ఆవిడ నగరంలోని ఒక డయాలసిస్ కేంద్రానికి వారానికి మూడుసార్లు వెళ్ళేది, వెళ్ళినప్పుడల్లా నాలుగు గంటలు. డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన ఎడమ చేతి ఫిస్టులా మీద వేలు ఆనిస్తే లోపల తుమ్మెద తిరుగుతున్నట్టు ఝుమ్మనేది. ఆ కదలిక ఆగిపోలేదు కదా అని రాత్రిళ్ళు లేచి తడిమి చూసుకునేది. రోజుకు ఎన్ని నీళ్ళు తాగవచ్చో ఒక చిన్న స్టీలు గ్లాసుతో కొలుచుకునేది. ఆ కేంద్రం వరండాలో అవయవదానం చేయమని కోరే పెద్ద పోస్టరు ఉంది. అవయవం అవసరమైన రోగి పేరు రాయించుకోవచ్చని, దానికి మార్పిడి అనుమతి ఉన్న ఆసుపత్రికి వెళ్ళి పరీక్షలు చేయించుకుని రాష్ట్ర అవయవదాన కార్యక్రమమైన జీవన్‌దాన్‌లో నమోదు కావాలని ఆవిడకు పద్నాలుగు నెలల పాటు ఒక్కరూ చెప్పలేదు. పక్క మంచం మీద ఉండే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకరోజు మాటల్లో ‘ఆంటీ, మీ నంబర్ ఎంత?’ అని అడిగితేనే తెలిసింది. అతని పేరు మొదటి నెలలోనే నమోదయింది. ‘నాకేం నంబరయ్యా?’ అంది చిన్నమ్మ. ఆ పద్నాలుగు నెలల్లో ఆవిడ మార్పిడి వద్దని ఎన్నడూ అనలేదు, ఎందుకంటే ఆవిడను ఎవరూ అడగనే లేదు.

మూడో మాట, రక్తం గ్రూపు. ఇందులో నిజం ఉంది. బి గ్రూపు తెల్లజాతి అమెరికన్లలో పదిమందిలో ఒకరికి, నల్లజాతివారిలో సుమారు అయిదుగురిలో ఒకరికి, మన దేశంలో దాదాపు మూడో వంతు మందికి ఉంటుంది. దాతల్లో తెల్లజాతివారు ఎక్కువైన చోట బి గ్రూపు రోగి ఎక్కువ కాలం ఆగవలసి వస్తుంది. అక్కడున్న మన తెలుగువారికీ ఈ కష్టం తప్పదు. కాని గ్రూపు ప్రకృతి ఇచ్చినదైనా, దాని చుట్టూ నియమాలు రాసేది మనుషులే. ‘ఏ’ (A) రక్తం గ్రూపులోని ఏ2 అనే ఉపరకం దాతల కిడ్నీలను బి గ్రూపు రోగుల్లో చాలామందికి అమర్చవచ్చు. 2014 నాటి కొత్త విధానం దానికి దారి తెరిచింది. దాత, రోగి కణజాలాల పోలికలో హెచ్ఎల్ఏ-బి అనే గుర్తు కలిస్తే అదనపు మార్కులు ఇచ్చే పద్ధతి తెల్లజాతి రోగులకే ఎక్కువగా లాభించేది. మందులు మెరుగుపడ్డాక ఆ పోలికకు అంత ప్రాధాన్యం అక్కర్లేదని తేలి 2003లో ఆ మార్కులు తీసేశారు. జన్యువుల మీదికి నెట్టిన తేడాలో కొంత భాగం ఇలా కలం పోటుతో తగ్గింది.

నాలుగో మాట, వాళ్ళు దానం చేయరన్నది. అన్నిటికన్నా నన్ను బాధపెట్టినది ఇదే, ఎందుకంటే ఇది శుద్ధ అబద్ధం. అమెరికా జనాభాలో నల్లజాతివారు 13 శాతం దాకా ఉంటారు. మరణానంతర దాతల్లోనూ వారి వాటా దానికి తగ్గట్టుగానే ఉంది. కొరత కనిపించేది అవసరం వైపు నుంచి: అధిక రక్తపోటు, మధుమేహం, సకాలంలో వైద్యం అందకపోవడం వల్ల వారికి కిడ్నీలు పూర్తిగా చెడిపోయే ముప్పు తెల్లజాతివారికంటే మూడు రెట్లకు పైగా ఉంది. అయినా దానం పట్ల వారిలో ఒకనాడు జంకు ఉండేదంటే దానికి కారణం ఉంది. 1968 మేలో వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో, తలకు దెబ్బ తగిలి ఆసుపత్రికి వచ్చిన నల్లజాతి కార్మికుడి గుండెను ఇంటివారికి తెలియజేయకుండానే తీసి ఒక తెల్లజాతి వ్యాపారికి అమర్చారు. ఆ జంకును పోగొట్టడానికి హోవార్డ్ విశ్వవిద్యాలయ సర్జన్ డాక్టర్ క్లైవ్ కాలెండర్ చర్చిల్లోనూ బడుల్లోనూ జనంతో మాట్లాడుతూ తిరిగి, 1991లో ఆ పనిని జాతీయ స్థాయి కార్యక్రమంగా మలిచారు. ఇంత శ్రమ పడి నమ్మకం కూడగట్టుకున్న సమాజాన్ని ‘దానం చేయరు’ అని ఒక్క ముక్కతో కొట్టిపారేయడం అన్యాయం.

బతికున్న దాతల విషయంలో మాత్రం అంతరం నిజంగానే ఉంది, అది పెరిగింది కూడా. జాబితాలోకి వచ్చిన రెండేళ్ళలో బతికున్న దాత నుంచి కిడ్నీ పొందినవారు 1995-99లో తెల్లజాతివారిలో 7 శాతం, నల్లజాతివారిలో 3.4 శాతం, 2010-14 నాటికి అవి 11.4 శాతం, 2.9 శాతం అయ్యాయి. దీన్ని అయినవారి మీద ప్రేమ లేకపోవడంగా చదవడం తప్పు. ఇంట్లో ఒకరికి కిడ్నీలు పాడయ్యాయంటే తోబుట్టువులకూ బీపీ, షుగర్ ఉండే అవకాశం ఎక్కువ, అటువంటివారిని తరచుగా దాతగా అంగీకరించరు. ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాల పాటు కూలి పోగొట్టుకుంటే గడవని ఇల్లు ఎక్కడైనా ఒకటే.

కొత్త కిడ్నీ నిలవదన్న అయిదో మాటకు ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఏ జాతివారికైనా దీర్ఘకాలంలో డయాలసిస్ కంటే మార్పిడే ఎక్కువ ఆయుష్షు ఇస్తుంది. ఆఫ్రికా మూలాలున్న చాలామంది శరీరం, కొత్త కిడ్నీని ఒళ్ళు తిరస్కరించకుండా ఆపే టాక్రోలిమస్ మందును త్వరగా ఖర్చు చేస్తుంది, కనుక మోతాదు పెంచాలి. ఆ మందుల ఖర్చును అక్కడి ప్రభుత్వ బీమా చాలామంది రోగులకు 36 నెలలకే ఆపేసేది. 2023 నుంచి గాని దానికి ప్రత్యామ్నాయం రాలేదు. మందు ఆగితే కిడ్నీ ఎవరి ఒంట్లోనూ నిలవదు.

ఇక ‘ఆ గొడవలు ఇక్కడికి తేవద్దు’ అన్న చివరి వాక్యం. అమెరికా జాతుల లెక్కను తెచ్చి మన సమాజానికి అతికించాలని నేను అనడం లేదు. మన ఆరోగ్యశ్రీ పథకం కిందా, నిమ్స్, ఉస్మానియా వంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ జరిగే మార్పిడులు ఎన్నో పేద కుటుంబాలను నిలబెట్టాయి, ఆ కృషిని తక్కువ చేయను. కాని 1995 నుంచి 2021 వరకు మన దేశంలో జరిగిన 36,640 అవయవ మార్పిడుల్లో అవయవం అందుకున్న పురుషులు 29,695 మంది, స్త్రీలు 6,945 మంది అని జాతీయ సంస్థ నోటో లెక్కలే చెబుతున్నాయి. స్త్రీల కిడ్నీలు పురుషుల కిడ్నీలకన్నా నాలుగు రెట్లు గట్టివని ఎవరూ అనరు. చిన్నమ్మ పేరు నమోదైన రోజు మేము నింపిన పత్రంలో డయాలసిస్ ఎప్పుడు మొదలైందో రాసే చోట తేదీ వేస్తూ ఆవిడ ఆగి, ‘ఇన్నాళ్ళు నేను ఎక్కడున్నట్టు రా?’ అని అడిగింది. ఆసుపత్రి మార్పిడి కోఆర్డినేటర్ తల దించుకుని ముద్ర వేసింది.