సవరణ: 'ఇట్' ప్రతిసారీ మధ్యలోకి రాదు

ఇంగ్లీషులో ఫ్రేజల్ వెర్బ్ (క్రియకు 'ఆఫ్', 'ఆఫ్టర్' లాంటి చిన్న మాట చేరి ఏర్పడేది) ఏదైనా సరే 'ఇట్', 'హర్' లాంటి సర్వనామం ఆ మాటల మధ్యలోనే రావాలని మొన్నటి పోస్టులో రాశాను, అది తప్పు. 'టర్న్ ఆఫ్' (ఆపేయడం) వరకు నిజమే: 'టర్న్ ఆఫ్ ది లైట్', 'టర్న్ ది లైట్ ఆఫ్' రెండూ చెల్లుతాయి కానీ సర్వనామం వస్తే 'టర్న్ ఇట్ ఆఫ్' ఒక్కటే. 'లుక్ ఆఫ్టర్' (బాగోగులు చూసుకోవడం) సంగతి వేరు. అక్కడ 'ఆఫ్టర్' ప్రిపొజిషన్ (మన విభక్తి లాంటి మాట), మన 'కోసం', 'మీద' పేరు తర్వాత వచ్చినట్టు కాకుండా అది పేరుకు ముందే నిలబడుతుంది, అందుకే 'లుక్ ఆఫ్టర్ హర్' అనాలి, 'లుక్ హర్ ఆఫ్టర్' అనకూడదు. 'పుట్ అప్ విత్ ఇట్' (దాన్ని భరించడం) కూడా అంతే, 'విత్' తర్వాతే 'ఇట్'. నా పోస్టు చూసి నోట్సు రాసుకున్నవాళ్లు దయచేసి ఆ లైను కొట్టేయండి.