సవరణ: పడవ నీళ్ళ లైన్లలో యాంటీఫ్రీజ్, వాటర్ హీటర్ సంగతి

మిషిగన్ సరస్సు వైపు పడవలను చలికాలానికి సిద్ధం చేయడంపై ఇంతకుముందు రాసినప్పుడు, మంచినీళ్ళ ట్యాంకులో పింక్ యాంటీఫ్రీజ్ (గొట్టాలు చలికి పగలకుండా కాపాడే గులాబీ రంగు ద్రవం) పోసి కుళాయిలన్నీ తిప్పితే చాలన్నాం. అది తప్పు. వాటర్ హీటర్‌ను లైన్లోంచి తప్పించకపోతే ద్రవమంతా ముందు అందులోకే పోతుంది. ఖాళీ చేసిన 6 గ్యాలన్ల (సుమారు 23 లీటర్ల) హీటరైతే నిండేదాకా వేడినీళ్ళ కుళాయికి చుక్క చేరదు. పాత నీళ్ళు ఉంటే ఇంకా ప్రమాదం: రంగు కనిపిస్తుంది, కానీ పలచబడ్డ ద్రవం గడ్డకట్టి ఫిట్టింగులను పగలగొడుతుంది.

ముందు హీటర్‌కు కరెంటు ఆపండి. నీళ్ళు లేకుండా ఎలిమెంట్ (లోపల నీళ్ళు కాచే కడ్డీ) వేడెక్కితే కాలిపోతుంది. నీళ్ళు చల్లారాక డ్రెయిన్ వాల్వు, గాలి పోవడానికి ప్రెషర్ రిలీఫ్ వాల్వు తెరవండి. హీటర్‌కు వెళ్ళే చన్నీళ్ళ గొట్టాన్నీ, వచ్చే వేడినీళ్ళ గొట్టాన్నీ ఒకదానికొకటి కలపండి. మంచినీళ్ళ ట్యాంకు ఖాళీ చేసి, పంపు పీల్చే గొట్టాన్ని నేరుగా యాంటీఫ్రీజ్ డబ్బాలో ముంచండి. ఒక్కో కుళాయిలో చన్నీళ్ళవైపూ వేడినీళ్ళవైపూ చిక్కటి గులాబీ రంగు వచ్చేదాకా తిప్పండి. అందరూ మరిచేది పడవ వెనక ఉండే షవర్. సింకు కింది వంపుల్లోనూ, షవర్ సంపులోనూ (స్నానం నీళ్ళు చేరే చిన్న తొట్టి) ఓ కప్పు యాంటీఫ్రీజ్ పోయండి.

డబ్బా మీది మైనస్ 50ని సెల్సియస్ అని రాశాం. అది ఫారెన్‌హీట్, అంటే దాదాపు మైనస్ 46 సెల్సియస్. పైగా అది గొట్టం పగలకుండా ఆగే హద్దు. ద్రవం అంతకు చాలా ముందే ముద్దవుతుంది, అప్పుడు పంపు వేయకండి. కార్ల యాంటీఫ్రీజ్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం, తాగునీటి లైన్లో వాడకూడదు. ప్రొపిలీన్ గ్లైకాల్ రకమే కొనండి, నీళ్ళు కలపకండి.