తాతయ్య మీసం మీద సంధ్యారాగం

రాజమండ్రిలో 1900 నాటి హేవలాక్ వంతెన మీద ఇంకా రైళ్లు నడుస్తున్న రోజుల్లో, నేను ఎనిమిదో తరగతి చదువుతుండగా, మా తెలుగు మాస్టారు మాకు వర్ణన రాయడం నేర్పాలని పూనుకున్నారు. మొదటి వారం ‘నాకు ఇష్టమైన ప్రదేశం’ రాసుకు రమ్మంటే, గైడు పుణ్యమా అని మా అందరి గోదావరీ నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి, 1465 కిలోమీటర్లు ప్రవహించి, బంగాళాఖాతంలో కలిసింది గాని, మా ఊళ్లో ఒక్క క్షణమైనా ఆగలేదు. రెండో వారం ‘నాకు ఇష్టమైన వ్యక్తి’ని రాసుకు రమ్మంటే, తరగతిలోని నాన్నలందరూ ‘చాలా మంచివారు’గా తేలారు. మాస్టారు ఆ పుస్తకాల దొంతరను బల్ల మీద పడేసి, ‘మంచి’, ‘అందమైన’ అనే మాటలు రెండింటినీ తరగతి నుంచి బహిష్కరించారు.

“కంటితో చూసింది, చెవితో విన్నది, ముక్కుకు తగిలింది రాయండి. మనిషి పేరు రాయవద్దు. చదివినవాడు ఆ మనిషిని వీధిలో చూస్తే ఆనవాలు పట్టాలి” అన్నారు. అంతటితో ఆపి ఉంటే మా ఇంట్లో ఏ గొడవా ఉండేది కాదు. కాని ఆయన ప్రబంధాభిమాని కావడం వల్ల, ప్రబంధాల్లో ఉండవలసిన పద్దెనిమిది వర్ణనలను, అంటే అష్టాదశ వర్ణనలను కూడా వరుసగా అప్పజెప్పి, సూర్యోదయం, చంద్రోదయం, జలక్రీడల సరసన మధుపానం కూడా ఒక వర్ణనాంశమేనని సెలవిచ్చారు.

నాకు ఇష్టమైన వ్యక్తి మా తాతయ్య. ఆయనకు చక్కెర వ్యాధి. సాయంత్రం తప్పకుండా నడవాలని డాక్టరు చెప్పడంతో రోజూ అయిదు గంటలకు గోదావరి గట్టుకు బయలుదేరేవారు. తోడుగా నన్ను పంపేవారు. గట్టుకు చేరే ముందు, మా ఊరివాళ్లకు చెప్పనక్కరలేని రోజ్ మిల్క్ దుకాణం ఒకటి తగిలేది. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా నేను నోరు కట్టేసుకునే ఒప్పందం మీద ఆ గడప దాటేవాళ్లం. రెండేళ్లుగా దాచిన ఆ రహస్యాన్ని నేను బయటపెట్టాలనుకోలేదు. వర్ణన రాస్తున్నానని మాత్రమే అనుకున్నాను. చేతిలో కలం, తలలో అష్టాదశ వర్ణనలు ఉన్న కుర్రవాడికి లోకజ్ఞానం ఉండదు.

రాసింది పేజీన్నర. అందులో తాతయ్య గ్లాసును రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకోవడం ఉంది. ‘తెల్లని మబ్బు అంచున సంధ్యారాగం అలుముకున్నట్లు’ ఆయన మీసాల మీద గులాబీ రంగు మిగలడం ఉంది. రేవు మెట్లు దిగి కూర్చుని, వంతెన మీద రైలు చప్పుడు వినిపించే సమయానికి కండువా కొసతో మీసం తుడుచుకుని, ఆ మరక లోపలికి పోయేలా మడత పెట్టుకోవడం కూడా ఉంది. మాస్టారు పొంగిపోయి పదికి తొమ్మిది వేశారు. అక్కడా ఆగలేదు. ఆ నెల తల్లిదండ్రుల సమావేశంలో దాన్ని స్వయంగా చదివి వినిపిస్తానన్నారు.

మా నాన్నకు సెలవు దొరకకపోవడంతో తాతయ్య, నాయనమ్మ వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. మాస్టారు పద్యం చదివినట్లు రాగయుక్తంగా చదువుతుంటే, సభలో అందరికన్నా ఆలస్యంగా ఆనవాలు పట్టింది తాతయ్యే. “ఎవరో గాని ఘనమైన రసికుడే” అని ఆయన నాయనమ్మతో మెల్లగా అనడం నాకు వినిపించింది. అప్పటికే వెనుక వరుసలో నవ్వులు మొదలయ్యాయి. సంధ్యారాగం వచ్చేసరికి తాతయ్య చెయ్యి తనంతట తానే మీసం మీదికి పోయింది. కండువా మడత వచ్చేసరికి నాయనమ్మ చెయ్యి ఆయన కండువా మీదికి పోయింది. ఆవిడ ఆ మడతను, కొత్త చీర కొనేటప్పుడు అంచు చూసినంత శ్రద్ధగా విప్పి చూసింది.

ఆ గులాబీ మరకలకు తన చిలకపచ్చ చీర గులాబీ అంచే కారణమనుకుని, రంగు పోతున్నదని ఆ చీరను రెండేళ్లుగా విడిగా నానబెడుతున్న ఇల్లాలు ఆవిడ. చీర అమ్మిన దుకాణదారును పండగ పండగకూ దులిపిన మనిషి కూడా ఆవిడే. ఒక వర్ణన ఇన్ని చిక్కులు విప్పగలదని మాస్టారికి కూడా తెలిసి ఉండదు.

ఇంటికి వచ్చే దారిలో ముగ్గురం మాట్లాడుకోలేదు. ఆ పూట నడక కావలసిన దానికన్నా వేగంగా సాగిందని చెబితే చాలు. ఇల్లు చేరాక నాయనమ్మ ఆయన్ని ఒక్క మాట కూడా అనకుండా, నా నోటు పుస్తకం తెప్పించుకుని, కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివింది. తరువాత నా వైపు తిరిగింది.

“అంతా బాగానే రాశావు గాని, ఆ రోజ్ మిల్క్‌లో కోవా వేయించుకుంటారో లేదో రాయలేదేమిరా?”

నేను తాతయ్య వైపు చూశాను. తాతయ్య గోడ మీది క్యాలెండరు వైపు చూశారు.

“పేజీన్నర మించకూడదన్నారు నాయనమ్మా” అన్నాను.