700 అడుగుల గోడకు గుంపు మేస్త్రీ ఎవరు?

ప్రపంచ టెలివిజన్ చరిత్రలో ఇంత పెద్ద లోపం ఉండగా ఇన్నాళ్ళూ ఒక్క విమర్శకుడూ నోరు మెదపకపోవడం విచారకరం. గేమ్ ఆఫ్ థ్రోన్స్ సీరియల్‌లో వెస్టెరోస్ అనే దేశానికి ఉత్తరాన ఒక మంచుగోడ ఉంది. ఎత్తు 700 అడుగులు, పొడవు 300 మైళ్ళు. ఎనిమిది వేల ఏళ్ళ కిందట కట్టారట. కట్టిందెవరంటే బ్రాండన్ అనే పెద్దమనిషి అంటారు. మంచు దిమ్మెలు మోసిందెవరు? మనిషికి అడ్వాన్సు ఎంత ఇచ్చారు? గుంపు మేస్త్రీ ఏ ఊరివాడు? సీరియల్‌కు మూలమైన నవలల్లో జవాబు లేదు, 73 ఎపిసోడ్లలోనూ లేదు. రాక్షసులు సాయం పట్టారు, మంత్రాలు వేశారు అని దాటేశారు. పాలమూరులో పుట్టిన ఏ మనిషీ ఈ జవాబు విని ఊరుకోడు. దేశంలో ఎక్కడ పెద్ద డ్యాం కట్టినా పాలమూరు లేబర్ ఉంటుందని పేరున్న జిల్లా మాది. మంత్రాలతో లేచిన గోడను మేం ఇంతవరకు చూడలేదు. మంత్రులు కొబ్బరికాయ కొట్టిన గోడల్ని మాత్రం చాలానే చూశాం.

కథ వెనక ఉండే ఈ సరంజామానంతా కలిపి వరల్డ్ బిల్డింగ్ అంటారు. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ 1996లో ఈ కథలో మొదటి నవల వేసినప్పటి నుంచి ఈ విద్యలో ఆయన్ని మించినవాడు లేడని ప్రతీతి. ఏ వంశం జెండా మీద ఏ జంతువు ఉంటుందో, ఏ రాజు ముత్తాత ఎవరి చేతిలో పోయాడో, ఏ డ్రాగన్ ఏ రంగో, అన్నీ రాశాడు. 2014లో ఆ లోకం చరిత్ర మొత్తం ఒక పెద్ద పుస్తకంగా తెచ్చాడు. 2018లో ఒక్క రాజవంశం మీద ఇంకోటి తెచ్చాడు. ఈలోపు అసలు కథ మాత్రం 2011లో ఐదో భాగం దగ్గర ఆగింది. ఆరోది రాలేదని అమెరికా పాఠకులు కోపంతో ఊగిపోతున్నారు. మాకు ఆ కోపం అర్థం కాదు. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకానికి 2015లో శంకుస్థాపన అయింది. వాళ్ళు ఒకసారి ఇటు వస్తే ఓపిక ఎట్లా పట్టాలో మేమే ట్రైనింగ్ ఇస్తాం.

మళ్ళీ గోడ దగ్గరికి వద్దాం, ఎందుకంటే అక్కడ ఇంకా చాలా అవకతవకలున్నాయి. షూటింగు కోసం నార్తర్న్ ఐర్లాండ్‌లో ఒక పాత రాళ్ళ క్వారీని తీసుకున్నారు. దాని ఎత్తు 400 అడుగులని తెలిశాక, తన గోడను మరీ ఎత్తుగా రాసేశానని మార్టినే అన్నాడు. ఆ ముక్కేదో రాయకముందే నందికొండ దాకా వచ్చి ఉంటే తెలిసేది. నాగార్జునసాగర్ డ్యాం పునాది అడుగు నుంచి కొలిస్తే 124 మీటర్లు, అంటే 400 అడుగుల పైమాటే. కింద నిలబడి పైకి చూస్తే తలపాగా వెనక్కి పడుతుంది. నడిమి డ్యాం అంతా రాతికట్టడం. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేస్తే 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్ళు వదిలింది. 400 అడుగులకే పన్నెండేళ్ళు పట్టింది, అదీ సిమెంటు ఉండి, సర్కారు డబ్బు ఉండి. మరి 700 అడుగుల గోడ 300 మైళ్ళు కట్టాలంటే ఎస్టిమేటు ఎంత, ఎన్నిసార్లు రివైజ్ చేశారు, పాత కాంట్రాక్టరును ఎప్పుడు తప్పించారు? ఒక్క ఫైలన్నా ఉండాలి కదా.

గోడ కాపలాకు పెట్టిన నైట్స్ వాచ్ సంగతి ఇంకా ఘోరం. దొంగల్ని, నేరస్థుల్ని పట్టుకొచ్చి నిలబెడతారు. జీతం లేదు, పెళ్ళి లేదు, పొలం కొనుక్కునే హక్కు లేదు. ఉద్యోగం మాత్రం పర్మినెంటు. తెలంగాణలో ఇలాంటి నోటిఫికేషన్ పడినా అప్లికేషన్లు లక్షల్లోనే వస్తాయనుకోండి, అది వేరే సంగతి.

ఇక రెవెన్యూ. 2014లో ఒక ఇంటర్వ్యూలో మార్టిన్, లార్డ్ ఆఫ్ ది రింగ్స్ రాసిన టోల్కీన్ కథలోని అరగోర్న్ గురించి గట్టి ప్రశ్నే వేశాడు. ఆయన రాజయ్యాడు, నూరేళ్ళు బాగా ఏలాడు, అంతా సరే, పన్నుల విధానం ఏమిటి అని. ఈ ప్రశ్న విన్నాక ఆయన మీద మాకు గౌరవం పెరిగింది. మరి ఆయన రాజ్యంలో ఏం జరిగింది? ఖజానా 60 లక్షల బంగారు నాణేల అప్పులో ఉందని, అందులో సగం రాజుగారి మామకే బాకీ అని చెప్పారు. అప్పు లెక్క పైసలతో సహా ఉంది. శిస్తు లెక్క లేదు. పట్వారీ లేడు, మాలీ పటేల్ లేడు, పోలీస్ పటేల్ లేడు. నిజాం కాలంలో నల్గొండ పల్లెలో రాజు ఎవరో తెలియకుండా బతికిన మనిషి ఉండొచ్చేమో గాని పట్వారీ ఎవరో తెలియకుండా బతికినవాడు లేడు. పట్వారీ లేని రాజ్యం వేల ఏళ్ళు నిలబడిందని నమ్మడం కంటే డ్రాగన్లను నమ్మడమే తేలిక.

అసలు ఈ కథంతా పహాణీ అనే భూమి రికార్డులో రెండు కాలమ్‌ల తగాదా. పట్టాదారు కాలమ్‌లో పాత రాజవంశం టార్గేరియన్ల పేరు. అనుభవదారు కాలమ్‌లో రాబర్ట్ బరాథియన్, కబ్జా చేసి పదిహేడేళ్ళయింది. పట్టాదారు బిడ్డ డైనెరిస్ సముద్రం అవతల తలదాచుకుని, మూడు డ్రాగన్లను పెంచుకుని, సైన్యం కూడగట్టుకుని, ఆరు సీజన్లు తిరిగి ఏడోదాంట్లో సొంత గడ్డ మీద కాలు పెడుతుంది. ఇంత ఖర్చు దేనికి? ఆ వంశం రహస్య వారసుడు జాన్ స్నోది ఇంకా సులువు, అది శుద్ధ విరాసత్ కేసు, అంటే వారసత్వం తగాదా. తండ్రి పెళ్ళి చేసుకున్న సంగతి పెద్ద పూజారి డైరీలో రాసి ఉంది. ఏడో సీజన్‌లో గిల్లీ అనే పిల్ల ఆ పేజీ చదివి వినిపిస్తుంటే, జాన్ స్నేహితుడు సామ్ మధ్యలో అడ్డం పడి తన గోడు వెళ్ళబోసుకుంటాడు. కావలసిన కాయితం చేతిలోనే ఉంది, వినే నాథుడు లేడు. మా వైపు రికార్డు రూముల వాతావరణాన్ని ఉన్నదున్నట్టు చూపించిన సీన్ మొత్తం సీరియల్‌లో ఇదొక్కటే. అదే మిర్యాలగూడలో ఓ మాదిరి పైరవీకారు చేతిలో పడి ఉంటే రెండో సీజన్‌లోనే మ్యుటేషన్ చేయించి, కమీషన్ పుచ్చుకుని ఇంటికి పోయేవాడు.

వాతావరణం మీద ఎక్కువ చెప్పను. ఉత్తరాన్ని ఏలే స్టార్క్ వంశం వాళ్ళ కులగౌరవ వాక్యం 'చలికాలం వస్తోంది'. రేడియోలో వచ్చే వాతావరణ సూచనను వంశ నినాదం చేసుకున్న రాజులు వీళ్ళే అయి ఉంటారు. మే నెలలో నల్గొండ గడియారం సెంటర్‌లో చెప్పులు అంటుకుపోతున్నా 'ఎండలు ముదురుతున్నయి' అని ఎవరూ జెండా మీద రాయించుకోలేదు. ఏళ్ళ తరబడి సాగే చలికాలమని ఏడు సీజన్లు భయపెట్టారు కదా, తీరా ఆ చలితో పాటు వచ్చిన శవాల సైన్యంతో మహాయుద్ధం ఒక్క రాత్రిలో, ఒక్క ఎపిసోడ్‌లో ముగిసింది. అదీ చీకట్లో. ప్రపంచమంతా ఏమీ కనబడలేదని గగ్గోలు పెడితే, మీ టీవీ సెట్టింగులే సరిగా లేవన్నాడు కెమెరామన్. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి 'ఇక్కడ్నుంచి సప్లై బాగానే ఉంది, మీ ఇంట్లోనే చూసుకోండి' అనిపించుకున్న ప్రతివాడికీ ఆ గొంతు పరిచయమే.

మెచ్చుకోవలసిన చోట మెచ్చుకోకపోతే విమర్శకుడి ధర్మం కాదు. గుర్రాల మీద తిరిగే డోత్రాకీల కోసం డేవిడ్ జె. పీటర్సన్ అనే భాషావేత్తను పెట్టి వ్యాకరణంతో సహా ఒక భాషను తయారు చేయించారు. టార్గేరియన్ల పూర్వీకుల భాష హై వాలిరియన్ కూడా ఆయనే చేశాడు, 2017 నుంచి దాన్ని డ్యుయోలింగో అనే భాషల యాప్‌లో నేర్చుకోవచ్చు కూడా. లేని జాతికి, లేని దేశానికి ఇంత మర్యాద. మన సినిమాల్లో దేవరకొండ మనిషి మాట్లాడాలంటే మాత్రం రెడీమేడ్ డైలాగు తీసుకుని మూడు 'గిట్ల'లు, రెండు 'గట్ల'లు చల్లి వడ్డిస్తారు, పక్కన ఒక 'గదే' నంజుకోవడానికి. డోత్రాకీలు ఈ విషయంలో మా కంటే అదృష్టవంతులు.

మునిగిపోయిన మహానగరం కూడా వాళ్ళ సొంత సొత్తేం కాదు. టార్గేరియన్ల పూర్వీకుల ఊరు వాలిరియాలో పద్నాలుగు అగ్నిపర్వతాలు ఒక్కసారి పేలి నగరమంతా సముద్రంలో కలిసిపోయిందని పెద్ద విషాదంగా చెప్తారు. మాకూ ఒకటుంది: ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి సాగర్ నీళ్ళ కిందే ఉంది. 1954 నుంచి 1960 దాకా తవ్వి, ఫొటోలు తీసి, తీయగలిగిన రాళ్ళను కొండ మీదికి ఎక్కించి, ఫైలు నంబరు వేసి, పంచవర్ష ప్రణాళిక ప్రకారం ముంచారు. ఆ కొండ ఇప్పుడు దీవి, దాని మీద మ్యూజియం. ఇంత క్రమశిక్షణతో జరిగిన ప్రళయం ఇంకో లోకంలో లేదు. పెళ్ళిళ్ళ విషయానికొస్తే, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడు మేనత్త కూతుళ్ళను చేసుకున్నాడని శాసనాలే చెప్తున్నాయి. వంశం రక్తం బయటికి పోవద్దనుకుంటే అంతటితో ఆగాలి. టార్గేరియన్లు సొంత అక్కచెల్లెళ్ళ దాకా పోయారు. అడిగే కులపెద్ద ఒక్కడు లేకపోతే ఇట్లాగే ఉంటుంది.

ఆ రాజ్యంలో పనిచేసే మనిషి అనేవాడు ఎక్కడన్నా కనిపిస్తాడేమోనని ఎనిమిది సీజన్లూ జాగ్రత్తగా చూశాను. కోటలున్నాయి, విందులున్నాయి, వెయ్యిమంది తినే పెళ్ళిళ్ళున్నాయి. ఎంగిలి విస్తళ్ళు ఎత్తే మనిషి లేడు. చివరికి 2019లో, ఎనిమిదో సీజన్ నాలుగో ఎపిసోడ్‌లో, రాణిగారి ముందు బల్ల మీద ఒక కాగితం కాఫీ కప్పు కనబడింది. షూటింగులో ఎవరో మరిచిపోయారట. లోకమంతా నవ్వింది, కంపెనీ వాళ్ళు తర్వాత కంప్యూటర్‌లో చెరిపేశారు. వెస్టెరోస్‌లో ఒక మనిషి పనికి వచ్చాడు, మధ్యలో కాస్త కాఫీ తాగాడు అనడానికి ఉన్న ఏకైక ఆధారం అది. దాన్నీ రికార్డులోంచి తీసేశారు.

ఇక అన్నిటికన్నా పెద్ద అభ్యంతరం చివరి ఎపిసోడ్ మీద. సింహాసనం కరిగిపోయింది, రాజు లేడు. దొరలంతా గొడుగుల్లాంటి పందిళ్ళ కింద కూర్చుని పంచాయితీ పెట్టారు. ముందుగా ఎడ్మ్యూర్ టల్లీ అనే దొర లేచి, నేనెంత అనుభవజ్ఞుణ్ణో అంటూ మొదలుపెట్టాడు. మేనకోడలు సాన్సా 'మామా, కూసో' అన్న ధోరణిలో ఒక్క మాటతో కూలబెట్టింది. ఇక్కడిదాకా ఏ లోపమూ లేదు, ప్రతి గ్రామసభలోనూ ఒక ఎడ్మ్యూర్ ఉంటాడు. తర్వాత సామ్ లేచి, ఏలబడేది అందరమూ అయినప్పుడు అందరినీ అడుగుదాం అన్నాడు. అంటే ఓటింగు. దొరలంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. అయితే కుక్కలకూ ఓటిద్దాం అన్నాడొకడు. నా గుర్రాన్ని అడిగొస్తా అన్నాడు ఎడ్మ్యూర్.

నవ్వినవాళ్ళను ఎవరూ ఏమీ అనలేదు. వేల ఏళ్ళ దొరతనంలో ఒక్క ఊళ్ళో కర్రలు పట్టిన గుతపల సంఘం పుట్టలేదు, ఒక్క దొర గడి ముందు జనం గుమిగూడలేదు, వెట్టి చెయ్యం అన్న మనిషి లేడు. ఇదెక్కడి వరల్డ్ బిల్డింగ్? నల్గొండ జిల్లాలోనూ దొరలు ఇట్లాగే నవ్వేవాళ్ళు. 1946లో మొదలైన సాయుధ పోరాటం 1951 దాకా సాగింది. 1952 ఎన్నికల్లో ఇదే నల్గొండ నుంచి ఆ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు పోయాడు. గుర్రాలను ఎవరూ అడగలేదు.

కాబట్టి నిర్మాతలకు ఒకటే విన్నపం. మళ్ళీ ఎప్పుడన్నా ఆ కథ తీస్తే, నవ్విన ఆ దొరల్ని ఒక్కసారి మునుగోడులో నిలబెట్టండి. ఎడ్మ్యూర్‌కు డిపాజిట్ దక్కదు, రాసిస్తాను. కుట్రల్లో ఆరితేరిన లిటిల్‌ఫింగర్ అయితే గెలిచేవాడేమో గాని, అతన్ని ఏడో సీజన్‌లోనే చంపేశారు.