టల్ ఆట బ్రిస్టల్‌లో ఆగిపోలేదు

ఈ వారంలో నాలుగోసారి అదే మెసేజ్ వచ్చింది. ఈసారి పంపింది నాతోపాటు ఏళ్ల తరబడి ఫుట్‌బాల్ చూస్తున్న స్నేహితుడు. అందుకే ఊరుకోలేకపోతున్నాను. వాల్టర్ టల్ గురించి అందులో ఉన్నది ఇదీ: బ్రిటన్‌లో తొలి నల్లజాతి ఫుట్‌బాల్ ఆటగాడు. 1909లో బ్రిస్టల్ ప్రేక్షకుల తిట్లకు మనసు విరిగి ఆట వదిలేశాడు. దిక్కుతోచక సైన్యంలో చేరి, మొదటి ప్రపంచ యుద్ధంలో 1914 క్రిస్మస్ నాడు కందకాల మధ్య జర్మన్లతో బంతాట ఆడాడు. సైన్యంలో తొలి నల్లజాతి అధికారి అయ్యాడు. రంగు చూసి అతనికి మిలిటరీ క్రాస్ అనే శౌర్య పతకం ఎగ్గొట్టారు.

"తొలి" అన్న మాట నిలవదు. అక్రాలో పుట్టిన ఆర్థర్ వార్టన్ 1880ల్లోనే ఇంగ్లండ్‌లోని ప్రెస్టన్ క్లబ్బుకు గోల్‌కీపర్. 1881లో ఇంగ్లండ్‌ను 6-1తో ఓడించిన స్కాట్లాండ్ జట్టు కెప్టెన్ ఆండ్రూ వాట్సన్ పుట్టింది బ్రిటిష్ గయానాలో. టల్ పుట్టిందే 1888లో.

క్రిస్మస్ ఆట ఇంకా అన్యాయం. అతను సైన్యంలో పేరు రాయించుకున్నదే 1914 డిసెంబర్‌లో. అతను చేరిన ఫుట్‌బాల్ బెటాలియన్, అంటే ఫుట్‌బాల్ ఆటగాళ్ల కోసం పెట్టిన దళం, ఫ్రాన్స్‌లో దిగింది 1915 నవంబర్‌లో. మెసేజ్ ఫార్వర్డ్ కొట్టే ముందు రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూడలేరా?

ఇవి పోనీ. నాకు కడుపు మండేది "ఆట వదిలేశాడు" అన్న ముక్కకి.

బ్రిస్టల్‌లో జరిగింది నిజం. 1909 అక్టోబర్‌లో బ్రిస్టల్ సిటీ మైదానంలో ప్రేక్షకుల్లో కొందరు లండన్ క్లబ్బు టాటెన్‌హామ్ తరఫున ఆడుతున్న టల్‌ని నోటికొచ్చినట్టు దూషించారు. అప్పటి పత్రికా విలేఖరి ఆ దూషణను పిరికిపంద చేష్టగా రాశాడు. నైపుణ్యంలో ఆ రోజు అందరికంటే మేటి ఫార్వర్డ్ (ముందు వరసలో దాడి చేసే ఆటగాడు) టల్ అని కూడా రాశాడు. ఈ రెండో మాట మెసేజ్‌లో ఎందుకు లేదు? ఆ తర్వాత టాటెన్‌హామ్ అతన్ని రిజర్వ్ జట్టులోకి నెట్టిందన్నది కూడా నిజమే. టాటెన్‌హామ్‌కు అతను ఆడిన లీగ్ మ్యాచ్‌లు పదే, కొట్టిన గోల్స్ రెండు. ఆ అరుపులకూ దీనికీ సంబంధం లేదని నేను వాదించను.

కానీ వదిలేశాడా? 1911లో మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ అతన్ని తన క్లబ్బు నార్తాంప్టన్ టౌన్‌కు తీసుకున్నాడు. ఆ తర్వాత ఆర్సెనల్‌ను ఛాంపియన్‌గా నిలబెట్టిన చాప్‌మనే. అతను ఏరికోరి తెచ్చుకున్న ఆటగాడు టల్. ఫార్వర్డ్‌ని హాఫ్‌బ్యాక్‌గా, అంటే మధ్య వరసలోకి, మార్చి ఆడించాడు. యుద్ధం వచ్చేదాకా నార్తాంప్టన్ ప్రధాన జట్టులో టల్ 111 మ్యాచ్‌లు ఆడాడు. నూట పదకొండురా! ఒక్క మధ్యాహ్నం తిట్లు మీకు గుర్తున్నాయి, మూడేళ్ల ఆట గుర్తులేదు. ఏడేళ్లకు తల్లినీ తొమ్మిదేళ్లకు తండ్రినీ పోగొట్టుకుని, లండన్ బెత్నల్ గ్రీన్‌లోని అనాథాశ్రమంలో పెరిగినవాడు అతను. తోడున్న అన్న ఎడ్వర్డ్‌ని కూడా గ్లాస్గో కుటుంబం దత్తత తీసుకుని వెళ్లిపోయింది. అయినా నిలబడి ఆడిన మనిషిని, ఏడ్చుకుంటూ వెళ్లిపోయినవాడిగా చూపిస్తే మీరు అతని పక్షాన నిలబడినట్టా? అతని పని అంతా తుడిచేసి గాయం ఒక్కటే మిగిల్చారు.

అధికారుల్లో తొలివాడూ కాదు. జమైకాలో పుట్టిన జార్జ్ బెమండ్ 1915లోనే ఫిరంగి దళంలో అధికారి. అయితే ఏం తక్కువైంది? శ్వేతజాతి కానివాళ్లకు అధికార హోదా ఇవ్వొద్దని సైన్యం నిబంధనలు చెబుతున్న రోజుల్లో, 1917 మేలో టల్ సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు. ఇటలీలో పియావే నది దాటి తన మనుషుల్ని దాడికి నడిపించి, ఒక్కరినీ పోగొట్టుకోకుండా వెనక్కి తెచ్చాడు. దానికి మేజర్ జనరల్ లాఫోర్డ్ అతన్ని లిఖితపూర్వకంగా మెచ్చుకున్నాడు.

ఇక పతకం. ఇది కూడా కల్పితమే అని కొట్టిపారేద్దామనుకున్నాను, కానీ కుదరలేదు. 1918 మార్చి 25న ఫ్రాన్స్‌లో టల్ చనిపోయాక, అతని పేరు మిలిటరీ క్రాస్‌కు సిఫారసు అయిందని బెటాలియన్ అధికారి ఒకరు ఎడ్వర్డ్‌కి ఉత్తరం రాశాడు. ఆ సిఫారసు కాగితం సైనిక దస్తావేజుల్లో ఇప్పటిదాకా దొరకలేదు. రంగు చూసే ఎగ్గొట్టారని రుజువు చేసే కాగితమూ లేదు. కానీ పతకం మాత్రం రాలేదు, హోదా ఇవ్వొద్దన్న ఆ నిబంధన మాత్రం అప్పట్లో ఉంది. తూటాల మధ్య అతని శరీరాన్ని వెనక్కి తేవాలని తోటి సైనికులు ప్రయత్నించి విఫలమయ్యారు. అతనికి గుర్తించిన సమాధి లేదు, ఫ్రాన్స్‌లోని ఆరాస్ యుద్ధ స్మారకం మీద పేరుంది. పతకం విషయంలో మీ కోపం నాకూ ఉంది.