అన్ని టెస్టులూ ఒకటి కాదు

"జంతువుల మీద పరీక్షించకపోతే ఒక్క ఇంజెక్షన్ని కూడా నమ్మలేం" అని జంతు పరీక్షలను సమర్థిస్తూ వచ్చిన ఒక వ్యాసంలో రాశారు, నా పేచీ ఆ వాక్యంతోనే. కొత్త మందు మొదటిసారి మనిషికి ఇచ్చే ముందు సంగతి వేరు, దాన్ని ఇప్పటికిప్పుడు కాదనలేను. కానీ ల్యాబుల్లో వాడే జంతువులన్నీ పరిశోధన కోసమే కాదు. హైదరాబాద్‌లో ఒక ఇంజెక్షన్ల కంపెనీ క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేసినప్పుడు పైరోజెన్ టెస్ట్, అంటే ఇంజెక్షన్లో జ్వరం తెప్పించే పదార్థాలు (పైరోజెన్లు) ఉన్నాయేమో చూసే పరీక్ష, దగ్గర్నుంచి చూశాను. కుందేలు మెడ కదలకుండా పెట్టెలో బిగిస్తారు, వెనక నుంచి థర్మామీటర్ ప్రోబ్ పెడతారు, చెవి అంచు నరంలోకి మందు ఎక్కిస్తారు. ఇక మూడు గంటలు జ్వరం వస్తుందా అని చూడటమే. ఇందులో కొత్తగా తెలిసే సైన్సేమీ లేదు, బ్యాచ్ పాసా ఫెయిలా అంతే. పాసైతే అదే కుందేలు కొన్నాళ్లకు మళ్లీ పెట్టెలోకి. (పాపం, కిక్కురుమనవు కూడా.) దీనికి ప్రత్యామ్నాయం లేదా అంటే, ఉంది. మనిషి రక్తకణాలతో చేసే మోనోసైట్ టెస్ట్ యూరోపియన్ ఫార్మకోపియాలో (మందుల నాణ్యతా ప్రమాణాల పుస్తకం) చేరి పదేళ్లు దాటింది. కుందేలు పరీక్షను అందులోంచి పూర్తిగా తీసేయాలని ఆ ఫార్మకోపియా వాళ్లు 2024లో నిర్ణయించారు కూడా. మన దగ్గర కూడా 2023లో కొత్త మందుల నిబంధనలు సవరించి జంతువులు లేని పద్ధతులకు దారి ఇచ్చారు. ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా నుంచి వచ్చే ఒక రకం పైరోజెన్) పట్టే ఎల్‌ఏఎల్ పరీక్ష ఇంకా పాతదే గానీ, దానికీ గుర్రపునాడా పీత రక్తం కావాలి, పైగా అది అన్ని రకాల పైరోజెన్లనూ పట్టుకోదు. నేను చూసినంతలో కంపెనీలు వెనకాడేది సైన్స్ వల్ల కాదు. ప్రతి ప్రొడక్టుకీ కొత్త పద్ధతిని మళ్లీ వాలిడేట్ చేయాలి (సరిగ్గా పనిచేస్తుందని రుజువు చేయాలి), దానికి ఖర్చు, ఆపైన ఆడిటర్ ఏమంటాడోనన్న టెన్షన్.