బ్యాక్‌టిక్ దిద్దడం పని కాదట!

వారం రోజులుగా మా వైజాగ్ కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ఫార్వర్డ్ తిరుగుతోంది. మధురవాడ ఆఫీసు గ్రూపులో వచ్చింది. శని, ఆదివారాల్లో నేను పైథాన్ చెప్పే ద్వారకానగర్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది. చివరికి మా బావమరిది కూడా పంపాడు, వాడిది సివిల్ ఇంజనీరింగ్.

అందులో ఉన్నది ఇంతే. ప్రోగ్రామింగ్ లాంగ్వేజీల డాక్యుమెంటేషన్‌లో, అంటే వాటిని ఎలా వాడాలో చెప్పే పేజీల్లో, బ్యాక్‌టిక్కులు (కోడ్‌కి అటూ ఇటూ పెట్టే ` గుర్తులు), కోలన్లు, ఖాళీ లైన్లు సరిచేసి పంపడం ఓపెన్ సోర్స్ (అందరికీ తెరిచి ఉన్న సాఫ్ట్‌వేర్) పని కిందకి రాదు. ఒకటి, ఆ తప్పుల వల్ల ఎవరికీ నష్టం లేదు, చదివేవాడికి ఎలాగూ అర్థమవుతుంది. రెండు, దానికి బుర్ర అక్కర్లేదు. మూడు, ఆ ప్రాజెక్టులు చూసుకునే మెయిన్‌టైనర్ల టైమ్ తినేస్తుంది. నాలుగు, ఏఐ వచ్చాక డాక్యుమెంటేషన్ చదివేదెవరు? కాబట్టి రెజ్యూమేలో పెడితే నవ్వుతారు.

మూడో మాటలో కొంత నిజం ఉంది, అక్కడికి వస్తాను.

ముందు ఆ "ఎలాగూ అర్థమవుతుంది" సంగతి చూద్దాం. అర్థం కావాలంటే ముందు కంటికి కనబడాలి కదా! పైథాన్ డాక్యుమెంటేషన్‌ని రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ అనే పద్ధతిలో రాస్తారు, స్ఫింక్స్ అనే టూల్ దాన్ని వెబ్ పేజీలుగా మారుస్తుంది. 2008లో వచ్చిన పైథాన్ 2.6 నుంచీ ఇదే ఏర్పాటు, అంతకు ముందు లాటెక్ అనే ఇంకో పద్ధతిలో ఉండేది. ఇందులో హెచ్చరిక పెట్టె కావాలంటే రెండు చుక్కలు, ఒక ఖాళీ, వార్నింగ్ అనే మాట, దానికి ఆనుకుని రెండు కోలన్లు పెట్టాలి. పొరపాటున ఒక్క కోలనే పడిందనుకోండి. టూల్ అదేదో రాసినవాళ్లు తమకోసం పెట్టుకున్న కామెంట్ అనుకుంటుంది. దాని కింద లోపలికి జరిపి రాసిన పేరా మొత్తాన్నీ పేజీలోంచి చడీచప్పుడూ లేకుండా తీసేస్తుంది. బయటినుంచి వచ్చిన డేటాని ఈ ఫంక్షన్‌కి ఇవ్వొద్దు అని రాసిన వాక్యం సోర్సు ఫైల్లో భద్రంగా ఉంటుంది, చదివేవాడి ముందు మాత్రం ఉండదు. లేని వాక్యం ఎవరికి అర్థమవుతుంది?

రస్ట్ అనే లాంగ్వేజీలో డాక్ కామెంట్లు, అంటే కోడ్ పక్కనే పెట్టే వివరణలు, మార్క్‌డౌన్ అనే పద్ధతిలో రాస్తారు. అక్కడ బ్యాక్‌టిక్కులు లేకుండా వెక్<స్ట్రింగ్> అని రాస్తే, ఆ కోణం బ్రాకెట్లలో ఉన్నదాన్ని హెచ్‌టీఎంఎల్ ట్యాగ్ (వెబ్ పేజీ రాసే గుర్తు) కింద లెక్కేసి మింగేస్తుంది. పేజీలో "వెక్" మిగులుతుంది. అది ఏ టైపు విలువల వెక్టరో (వరుసో) తెలియదు. ఈ ఒక్క తప్పుని పట్టుకోవడానికే ఆ వివరణల్ని పేజీలుగా మార్చే రస్ట్‌డాక్ టూల్‌లో ఒక లింట్, అంటే తప్పు చూసి హెచ్చరించే తనిఖీ, పెట్టారు. నష్టం లేని తప్పు కోసం పనిగట్టుకుని లింట్ ఎవరు రాస్తారండీ? అదే మార్క్‌డౌన్‌లో, ఆబ్జెక్ట్ తయారవగానే పైథాన్ తనే నడిపే __ఇనిట్__ మెథడ్ పేరుని ఉత్తినే రాస్తే అండర్‌స్కోర్‌లు నాలుగూ మాయమై, బోల్డ్ అక్షరాల్లో "ఇనిట్" వస్తుంది. పైథాన్ నేర్చుకుంటున్న పిల్ల ఆ పేరుతో మెథడ్ రాసుకుంటుంది, ఆబ్జెక్ట్ తయారైనప్పుడు అది నడవదు, ఒక్కోసారి ఎర్రర్ కూడా రాదు. పెర్ల్ లాంగ్వేజీ డాక్యుమెంటేషన్ రాసే పాడ్ పద్ధతిలో ఇంకో రకం. అక్కడ కోడ్‌ని < > మధ్య పెడతారు, మెథడ్‌ని పిలిచే -> బాణంలో కూడా > ఉంది. టూల్ కోడ్ అక్కడితో అయిపోయిందనుకుని మిగతాది మామూలు వాక్యంలో కలిపేస్తుంది. ఇలాంటి చోట వాడమనే అక్కడ జంట బ్రాకెట్లు ఇచ్చారు.

నా బ్యాచ్‌లోనే జరిగింది చెబుతాను. గాజువాక నుంచి వచ్చే కుర్రాడొకడు ఒక చిన్న లైబ్రరీ డాక్యుమెంటేషన్ చూసి పిప్ (పైథాన్ ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే టూల్) కమాండ్ కాపీ చేశాడు. ఎర్రర్. నెట్ లేదేమో అని ఫోన్ హాట్‌స్పాట్ పెట్టాడు, ఎర్రర్. పైథాన్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాడు, అదే ఎర్రర్. నలభై నిమిషాలు పోయాక, "సార్, నా ల్యాప్‌టాప్ పనికిరాదేమో" అన్నాడు. చూస్తే, అప్‌గ్రేడ్ అనే ఆప్షన్‌కి ముందు రెండు హైఫన్లు ఉండాల్సిన చోట ఒకే పొడవాటి గీత ఉంది. రాసినవాళ్లు ఆ కమాండ్‌ని బ్యాక్‌టిక్కుల్లో పెట్టడం మరిచారు. మామూలు వాక్యంలో రెండు హైఫన్లు పక్కపక్కన కనబడితే స్ఫింక్స్ వాటిని అందంగా ఒకే గీత చేసేస్తుంది, కోట్‌లను కూడా వంపు కోట్‌లుగా మారుస్తుంది. కోడ్ అని గుర్తుపెట్టి ఉంటే ముట్టుకోదు. పిప్‌కి ఆ గీత ఆప్షన్‌లా కనబడలేదు, అదేదో ప్యాకేజీ పేరనుకుంది. మన ఊళ్లో 28 నంబర్ బస్సుకీ 28కె బస్సుకీ తేడా ఒక్క అక్షరం. బోర్డు మీద ఆ అక్షరం చెరిగిపోతే ప్రయాణికుడికి ఎలాగూ అర్థమవుతుందిలే అని ఏ కండక్టరూ ఊరుకోడు.

ఇక బుర్ర అక్కర్లేదన్న మాట. మార్క్‌డౌన్‌లో కోడ్‌కి ఒక బ్యాక్‌టిక్ చాలు. రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్‌లో రెండు కావాలి, ఒకటే పెడితే మామూలుగా ఇటాలిక్‌లో వస్తుంది. మార్క్‌డౌన్ అలవాటున్న వాళ్లంతా చేసే తప్పు ఇదే. సరే, రెండు పెట్టేస్తే అయిపోతుందా? అది ఫంక్షన్ పేరైతే రెండు బ్యాక్‌టిక్కులు కాకుండా ఫంక్షన్ రోల్ (ఇది ఫంక్షన్ పేరని టూల్‌కి చెప్పే గుర్తు) వాడాలి, అప్పుడు ఆ ఫంక్షన్ వివరణకి లింక్ పడుతుంది. ఏది వాడాలో తేల్చుకోవాలంటే అది ఫంక్షనా, మెథడా, ఏ మాడ్యూల్‌లోదో తెలియాలి. తర్వాత మన మెషీన్‌లో బిల్డ్ చేసి, అంటే వెబ్ పేజీలుగా మార్చి, పేజీ కళ్లతో చూసుకోవాలి. పీహెచ్‌పీ లాంగ్వేజీ వాళ్లది డాక్‌బుక్ ఎక్స్‌ఎంఎల్ అనే పద్ధతి, అక్కడ ఒక ట్యాగ్ మూయకపోతే ఆ పేజీతో పాటు బిల్డే ఆగిపోతుంది.

మెయిన్‌టైనర్ల టైమ్ సంగతి. 2020 అక్టోబర్ గుర్తుందా? ఓపెన్ సోర్స్‌కి సాయపడమని ఏటా జరిపే హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో నాలుగు పుల్ రిక్వెస్టులకి (మన మార్పు కలుపుకోమని ప్రాజెక్టుకి పంపే వినతులకి) టీషర్టు అన్నారు. మన దేశం నుంచి కూడా చాలామంది ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైళ్లలో ఏదో ఒక పొగడ్త మాట చేర్చి పంపారు. నెల మొదట్లోనే నిర్వాహకులు రూల్ మార్చి, పాల్గొంటామని ఒప్పుకున్న ప్రాజెక్టులకి పంపినవే లెక్కలోకి వస్తాయన్నారు. 2023లో టీషర్టులే ఆపేశారు. సిగ్గుపడాల్సిన విషయమే, కాదనను. అయితే వాళ్లు పంపినవి దిద్దుబాట్లు కావు. తప్పు లేని చోట చెయ్యి పెట్టడం వేరు, మాయమైన హెచ్చరికని తిరిగి తేవడం వేరు.

దిద్దేవాళ్లు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. పైథాన్ డాక్యుమెంటేషన్‌కి చాలా భాషల్లో అనువాదాలున్నాయి. ఇంగ్లీషు వాక్యంలో ఒక్క గుర్తు మారినా దాని అనువాదం అనుమానపు జాబితాలోకి వెళ్తుంది. అనువాదకులు మళ్లీ చూసి సరే అనేవరకు అక్కడ ఇంగ్లీషు వాక్యమే కనబడుతుంది. అందుకని నా బ్యాచ్‌లో ఒక నియమం పెట్టాను. ఒక ఫైల్లో ఒకే రకం తప్పులన్నీ ఒకే పుల్ రిక్వెస్టులో పంపాలి, పేజీ ముందెలా కనబడిందో తర్వాతెలా కనబడిందో రెండు ముక్కల్లో రాయాలి, బాగానే ఉన్న వాక్యాన్ని ముట్టుకోకూడదు.

ఏఐ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. అది నేర్చుకున్నదీ, అడిగితే వెతికి తెచ్చేదీ ఈ పేజీల్లోంచి కూడా. పైగా ఎడిటర్‌లో ఫంక్షన్ పేరు మీద మౌస్ పెడితే వచ్చే చిన్న పెట్టె కూడా డాక్యుమెంటేషనే, దాన్ని చదవకుండా రోజు గడిచే ప్రోగ్రామర్‌ని నేనింకా చూడలేదు.

రెజ్యూమే చూసి నవ్వుతారట. ఆఫీసులో ఫ్రెషర్ల ఇంటర్వ్యూలకి నేనూ కూర్చుంటాను. ఇలాంటి పుల్ రిక్వెస్ట్ కనబడితే నేనడిగే ప్రశ్న ఒకటే, అక్కడ ఒక బ్యాక్‌టిక్ ఎందుకు చాల్లేదమ్మా అని. జవాబు చెప్పగలిగినవాళ్లకి టీ తెప్పించి రెండో ప్రశ్నకి వెళ్తాను.